కంప్యూటర్ పోర్టు నుంచి మోటారు డ్రైవ్ దాకా: కరువు సీమలో సంకేత వోల్టేజి శోధన

కంప్యూటర్ ఇచ్చే ఆజ్ఞను మోటారు నేరుగా అందుకోలేదు. పోర్టులోంచి వచ్చేది ఐదు వోల్టులు దాటని, కొద్ది మిల్లీ ఆంపియర్ల సన్నని సంకేతం. మోటారుకు కావలసింది పదుల వోల్టులు, ఆంపియర్ల లెక్కన కరెంటు. ఈ రెంటి నడుమ నిలబడి, సంకేతాన్ని చదివి, ఆ మేరకు మోటారును కదిలించేది డ్రైవ్. పోర్టుకూ డ్రైవ్‌కూ మధ్య ఉండేది మీటరో రెండు మీటర్లో తీగ. ఆ కాస్త దారిలో సంకేతం ఎక్కడ నీరసించిందో, ఎక్కడ తప్పుదారి పట్టిందో కనిపెట్టడమే సంకేత వోల్టేజి శోధన. తలుపుల మీద నగిషీ చెక్కే రూటర్లు, రాతి మీద అక్షరాలు తీసే మిషన్లు, ఇనుప రేకులు కోసే ప్లాస్మా బల్లలు ఆగిపోయినప్పుడు మొదట చేయాల్సిన పని ఇదే.

నేల, యంత్రాలు

2022 ఏప్రిల్‌లో అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయిన పాత అనంతపురం జిల్లా రెండు రుతుపవనాలకూ కొసన పడ్డ ప్రాంతం. పడమటి కనుమల వాననీడలో ఉండటం వల్ల ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లకు మించదు. పైన పలుచని ఎర్రమట్టి, కింద నల్లరాతి పొర. మోటారు డ్రైవ్ సంగతికి వానతో ఏం పని అనిపించవచ్చు. చాలా పని ఉంది. నేలలో తడి లేకపోతే ఎర్తింగ్ కుదరదు, గాలిలో తడి లేకపోతే స్థిర విద్యుత్తు పోగవుతుంది. సంకేతాల లోపాల్లో చాలా ఈ రెంటి చుట్టూ తిరుగుతాయి.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కార్ల కర్మాగారం, హిందూపురం పక్కన తూముకుంట పారిశ్రామికవాడ, తాడిపత్రి బండల పాలిష్ యూనిట్లు, ధర్మవరం పట్టుమగ్గాలు ఈ ప్రాంతపు యంత్రలోకానికి గుర్తులు. పెద్ద కర్మాగారాల్లో ఇంజనీర్లు ఉంటారు, కంపెనీవాళ్లు వచ్చి సరిచేసిపోతారు. ఈ వ్యాసం ముఖ్యంగా చిన్న దుకాణాల గురించి. అక్కడ మిషన్ నడిపేవాడూ, కరెంటు పని చూసేవాడూ, పాడైతే బెంగళూరు ఎస్పీ రోడ్డుకు బస్సెక్కి బోర్డు కొనుక్కొచ్చేవాడూ ఒకడే. తప్పు భాగాన్ని అనుమానిస్తే అతనికి ఒక రోజు, ఒక బోర్డు ఖర్చు, ఒక ఆర్డరు పోతాయి.

పోర్టు

1981లో ఐబీఎం తన తొలి పర్సనల్ కంప్యూటర్‌తో పాటు ప్రింటర్ కోసం 25 పిన్నుల సమాంతర పోర్టును అందించింది. 1994లో దానికి ఐఈఈఈ 1284 ప్రమాణం వచ్చింది. దుకాణాల్లో దీన్ని ప్రింటర్ పోర్టు అనో, ఎల్పీటీ అనో పిలుస్తారు. 2 నుంచి 9 వరకు పిన్నులు బయటికి వెళ్లే దత్తాంశానివి. 1, 14, 16, 17 అదుపు కోసం. 10, 11, 12, 13, 15 లోపలికి వచ్చే సంకేతాలవి. 18 నుంచి 25 వరకు అన్నీ గ్రౌండే. 1, 14, 17, 11 పిన్నుల్లో పోర్టు లోపలే సంకేతం తలకిందులవుతుందన్నది చాలామందికి తెలియదు. సాఫ్ట్‌వేర్‌లో ఆన్ చేస్తే పిన్ను దగ్గర వోల్టేజి పడిపోవడం చూసి పోర్టే పోయిందనుకుంటారు.

ప్రింటర్ కోసం పుట్టిన ఈ పోర్టు మోటార్లకు బాగా నప్పింది. సాఫ్ట్‌వేర్ ఒక బిట్ రాస్తే మైక్రోసెకన్లలో ఆ పిన్ను మీద వోల్టేజి మారుతుంది. మాక్‌3, లినక్స్‌సీఎన్‌సీ వంటి సాఫ్ట్‌వేర్లు ఈ గుణాన్నే ఆధారం చేసుకున్నాయి. యూఎస్‌బీ నుంచి ప్రింటర్‌కు వెళ్లే మార్పిడి కేబుల్ ఈ పనికి రాదు. అది అక్షరాలను మూటగట్టి పంపుతుంది తప్ప పిన్నులను ఒక్కొక్కటిగా, సమయం తప్పకుండా కదపలేదు. అందుకే విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లు నేటికీ ఈ దుకాణాల్లో దుమ్ము కొట్టుకుని పనిచేస్తూ కనబడతాయి.

ఈ పోర్టు మాట్లాడేది టీటీఎల్ భాష. అందుకునే చిప్పు 0.8 వోల్టుల లోపు ఉన్నదాన్ని సున్నాగా, 2 వోల్టులు దాటినదాన్ని ఒకటిగా తీసుకుంటుంది. నడుమ ఉన్న మేరంతా బీడు, అక్కడ ఏం మొలుస్తుందో చెప్పలేం. ధర్మవరం మగ్గం మీద జకార్డు అట్టలో రంధ్రం ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. సగం రంధ్రం అంటూ ఉండదు. వోల్టేజికి ఆ కచ్చితత్వం లేదు. అది సగంలో నిలబడగలదు, నిలబడ్డప్పుడు ఒకసారి ఒకటిగా, మరోసారి సున్నాగా చదవడానికి వీలిస్తుంది. ‘మిషన్ పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నం మొరాయిస్తుంది’ అనే ఫిర్యాదు వెనుక తరచుగా ఉండేది ఈ సగమే.

డ్రైవ్ గడప దగ్గర

అడుగడుగుగా తిరిగే స్టెప్పర్ మోటార్ల డ్రైవ్‌ల మీద పల్స్, డైరెక్షన్, ఎనేబుల్ అని మూడు జతల బిగింపులుంటాయి, ఒక్కో జతలో ప్లస్, మైనస్. లోపల ఒక ఆప్టోకప్లర్ ఉంటుంది. వచ్చిన కరెంటు ఒక చిన్న ఎల్‌ఈడీని వెలిగిస్తే, ఆ వెలుగును అవతల ఉన్న చిప్పు చూస్తుంది. తీగకూ తీగకూ తాకిడి లేకుండా కబురు మాత్రం దాటుతుంది. కాబట్టి డ్రైవ్ నిజానికి వోల్టేజిని చదవదు, కరెంటును చదువుతుంది. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే సగం చిక్కులు విడిపోతాయి.

లెక్క చూద్దాం. గడప దగ్గర 270 ఓమ్‌ల నిరోధకం, ఎల్‌ఈడీ మీద 1.4 వోల్టుల తగ్గుదల ఉన్నాయనుకుంటే, నిండు ఐదు వోల్టులకు ప్రవహించే కరెంటు సుమారు 13 మిల్లీ ఆంపియర్లు. ఎల్‌ఈడీ హాయిగా వెలుగుతుంది. అయితే తొలి ఐబీఎం ప్రింటర్ కార్డులో వాడిన 74ఎల్‌ఎస్‌374 చిప్పు, తన లెక్క ప్రకారం, పైకి తోయగలిగింది 2.6 మిల్లీ ఆంపియర్లు. అదే చిప్పు కిందికి 24 మిల్లీ ఆంపియర్లు లాగగలదు. బరువు తోయమంటే చేతకాదు గానీ లాగమంటే లాగుతుంది. అందుకే డ్రైవ్ ప్లస్ బిగింపులను ఐదు వోల్టుల సరఫరాకు కలిపి, మైనస్ బిగింపులను పోర్టు పిన్నులకు ఇచ్చే కామన్ ఆనోడ్ పద్ధతి వాడుకలోకి వచ్చింది. పిన్ను సున్నాకు దిగినప్పుడే ఎల్‌ఈడీ వెలుగుతుంది.

దీన్ని పట్టించుకోకుండా పోర్టు పిన్నును ప్లస్‌కు, గ్రౌండ్‌ను మైనస్‌కు కలిపితే ఏమవుతుంది? ఏ తీగా లేనప్పుడు పిన్ను మీద 4.8 వోల్టులు కనబడుతుంది, డ్రైవ్ తగిలించగానే రెండు వోల్టుల చిల్లరకు కుంగుతుంది. ‘పల్స్ పోతాండాది అన్నా, మోటారు మాత్రం తిరగల్యా’ అనే మాట ఇక్కడే పుడుతుంది. తీగ విప్పి కొలిచి, వోల్టేజి ఉందని నిర్ధారించుకుంటారు. లోడు లేకుండా కొలిచిన వోల్టేజి, మోటారు ఆన్ చేయకుండా చూసిన బోరులో నీళ్లలాంటిది.

3.3 వోల్టుల పోర్టులతో ఇంకో చిక్కు వచ్చిపడింది. చాలా ల్యాప్‌టాప్‌ల పోర్టులు, కొన్ని పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులు, ఈఎస్‌పీ32, రాస్ప్‌బెర్రీ పై బోర్డులు పైస్థాయిలో 3.3 వోల్టులే ఇస్తాయి. స్టెప్పర్ డ్రైవ్‌ల పుస్తకాల్లో మాత్రం హై అంటే 4 నుంచి 5 వోల్టులు, లో అంటే 0 నుంచి 0.5 వోల్టులు అని రాసి ఉండటం మామూలు. కామన్ ఆనోడ్‌లో కలిపితే ఈ లోటు వింతగా బయటపడుతుంది. పిన్ను హైలో ఉన్నప్పుడు ఎల్‌ఈడీ పూర్తిగా ఆరాలి. కానీ అవతల 5, ఇవతల 3.3 ఉంటే నడుమ 1.7 వోల్టులు మిగులుతాయి, ఎల్‌ఈడీ గుండా సుమారు ఒక మిల్లీ ఆంపియర్ కారుతూనే ఉంటుంది. 6ఎన్‌137 వంటి వేగవంతమైన ఆప్టోకప్లర్ ఆరినట్టు లెక్క కావాలంటే కరెంటు 0.25 మిల్లీ ఆంపియర్ లోపుకు రావాలి. అంటే ఇక్కడ జబ్బు వెలగకపోవడం కాదు, ఆరకపోవడం.

దీనికి మందు, సంకేతాన్ని అందుకుని నిండు ఐదు వోల్టులతో తిరిగి పంపే బఫర్ చిప్పు. ఇక్కడ ఒక్క అక్షరం తేడాతో మనుషులు మోసపోతారు. పోర్టుకూ డ్రైవ్‌కూ నడుమ పెట్టే బ్రేకౌట్ బోర్డు మీద 74హెచ్‌సీ244 ఉంటే, ఐదు వోల్టుల సరఫరా మీద అది ఒకటిగా గుర్తించడానికి 3.5 వోల్టులు కావాలి. 74హెచ్‌సీటీ244 అయితే 2 వోల్టులు చాలు. 3.3 వోల్టుల సంకేతానికి మొదటిది బల్ల మీద పరీక్షిస్తే పనిచేస్తుంది, ఎందుకంటే అసలు మలుపు రెండున్నర వోల్టుల దగ్గరెక్కడో ఉంటుంది. మిషన్‌లో పెట్టి, కోత పనిముట్టును తిప్పే స్పిండిల్ ఆన్ చేసి, కాస్త విద్యుత్ రొద కలిస్తే తప్పుతుంది. నా మట్టుకు, బ్రేకౌట్ బోర్డు కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు, దాని మీది చిప్పు పేరులో ‘టీ’ ఉందా లేదా అన్నది.

ఎదుటి పక్క కంప్యూటర్ బదులు పీఎల్‌సీ అనే పారిశ్రామిక నియంత్రకం ఉండి 24 వోల్టులు వస్తుంటే లోటు కాదు, మిగులు సమస్య. 24 వోల్టుల సంకేతానికి వరుసలో 2 కిలో ఓమ్‌లు, 12 వోల్టులకు 1 కిలో ఓమ్ నిరోధకం వేయడం రివాజు. వేయకుండా 24 వోల్టులు నేరుగా ఇస్తే పై లెక్క ప్రకారం 80 మిల్లీ ఆంపియర్లకు పైగా పారి ఎల్‌ఈడీ మాడిపోతుంది. డ్రైవ్ మీద పచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది, ఎందుకంటే ఆ దీపం కరెంటు ఉందని చెప్తుందే తప్ప గడప బాగుందని కాదు.

కొలత

మల్టీమీటర్ అందరి దగ్గరా ఉంటుంది. అదే ఎక్కువ మందిని తప్పుదారి పట్టిస్తుంది కూడా. డీసీ వోల్టుల మీద పెట్టిన మీటరు చూపేది సగటు. ఐదు వోల్టుల పల్స్ సగం సేపు ఉండి సగం సేపు లేకపోతే అది 2.5 అని చూపుతుంది. మాక్‌3 పంపే పల్స్ వెడల్పు 5 మైక్రోసెకన్లు, సెకనుకు వెయ్యి పల్సులు అనుకుంటే, వెయ్యి మైక్రోసెకన్లలో ఐదే ఉన్నట్టు. సగటు 0.025 వోల్టు. మీటరు దాదాపు సున్నా చూపుతుంది, సంకేతం మాత్రం నిండుగా పోతూనే ఉంటుంది. ఇలాంటప్పుడు పోర్టు చచ్చిపోయిందని తీర్పు చెప్పడం అన్యాయం.

కాబట్టి మీటరుతో పరీక్షించాల్సింది పల్స్ పిన్నును కాదు, డైరెక్షన్ పిన్నును. అక్షాన్ని ఎడమకు జాగ్ చేసి, అంటే బటన్ నొక్కి కదిపి, ఒకసారి, కుడికి జాగ్ చేసి ఇంకోసారి చూస్తే అది ఒక స్థాయిలో నిలబడుతుంది, తీరిగ్గా కొలవవచ్చు. డ్రైవ్ తగిలించి ఉండగానే, మీటరు తీగలను డ్రైవ్ బిగింపుల మీదే పెట్టాలి, పోర్టు దగ్గర కాదు. హైకీ లోకీ మధ్య తేడా నాలుగు వోల్టులకు దగ్గరగా ఉంటే ఆ దారి బాగున్నట్టే. ఆ పిన్నుకు ఉన్న బఫర్, కేబుల్, సరఫరా పల్స్ పిన్నుకూ అవే కనుక, ఒకదాని ఆరోగ్యం ఇంకోదాని గురించి కూడా చాలా వరకు చెప్తుంది. ఇంకా అనుమానముంటే ఎక్స్, వై అక్షాల తీగలు డ్రైవ్ దగ్గర అటూ ఇటూ మార్చి చూడాలి. జబ్బు డ్రైవ్‌తో ఉండిపోతే డ్రైవ్‌ది లేదా దాని మోటారుది, తీగతో వెళ్తే ఇవతలి వైపుది. పైసా ఖర్చు లేని ఈ పరీక్షను ముందు చేయకుండా బోర్డు మార్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది. మార్చే ముందు మాత్రం కరెంటు పూర్తిగా ఆపాలి. స్టెప్పర్ మోటారు తీగను నడుస్తున్న డ్రైవ్ నుంచి లాగితే డ్రైవే పోవచ్చు.

బ్రేకౌట్ బోర్డుకు ఐదు వోల్టులు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా చూడాలి. సన్నని పొడుగాటి యూఎస్‌బీ తీగ చివర అది 4.6కు దిగి ఉండవచ్చు. ఆ లోటు ప్రతి సంకేతంలోనూ పాలు పంచుకుంటుంది.

ఎర్త్ గుంత, ఎండిన నేల

వోల్టేజి అంటే ఎప్పుడూ రెండు చోట్ల మధ్య తేడా. మొదటి చోటును అందరూ జాగ్రత్తగా చూస్తారు, రెండో చోటును, అంటే గ్రౌండ్‌ను, ఎవరూ అడగరు. అనంతపురం పీఠభూమిలో ఆ రెండో చోటే ముందు తగువు పెడుతుంది.

ఎర్తింగ్‌కు భారత ప్రమాణం ఐఎస్ 3043. మట్టిలో తేమ ఒక హద్దు దిగితే, అంటే సుమారు 20 శాతం లోపుకు పోతే, దాని విద్యుత్ నిరోధం నిటారుగా పెరుగుతుంది. గుంత తీసి, పైపు దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలుగా నింపేది ఆ తడిని పట్టి ఉంచడానికే. పలుచని ఎర్రనేల కింద రాయి తగిలే చోట పైపు తగినంత లోతుకు దిగదు. ఫాల్గుణం దాటాక పైమట్టి పొడిపొడి అవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి గుంతలో బిందెడు నీళ్లు పోయడం రైతులకు తెలిసిన పనే. దుకాణం వెనుక గుంతకు ఆ నీళ్లు దక్కవు, తాగడానికి ట్యాంకరు కోసం చూసే ఊళ్లో అది సహజం కూడా.

ఏప్రిల్ మధ్యాహ్నం ఒక చెక్క రూటర్ దుకాణం అనుకుందాం. కంప్యూటర్‌కు ఎర్త్ పిన్ను లేని ఎక్స్‌టెన్షన్ బోర్డు. దాని పవర్ సప్లయిలో ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ డబ్బాకు రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి, రొదను వడగట్టడానికి. ఎర్త్ లేకపోతే అవి డబ్బాను 230లో సగానికి, అంటే సుమారు 115 వోల్టులకు లేపుతాయి. చేయి తగిలితే చిమచిమ, టెస్టర్ పెడితే చిన్న వెలుగు. అక్కడ పారగల కరెంటు మిల్లీ ఆంపియర్ లోపే కాబట్టి మనిషికి చిరాకు కలిగిస్తుంది గానీ చంపదు. కానీ మిషన్ ఆన్‌లో ఉండగా 25 పిన్నుల కేబుల్ గుచ్చితే, ముందుగా తాకిన పిన్ను గుండా ఆ తేడా అంతా దూకుతుంది. అది గ్రౌండ్ పిన్నయితే సరే, దత్తాంశం పిన్నయితే పోర్టులోని చిప్పు ఆ క్షణంలోనే పోవచ్చు. రెండు వైపులా కరెంటు ఆపకుండా ఆ కేబుల్ గుచ్చకూడదు, పీకకూడదు.

ఇక్కడ ఒక అపోహను విడదీయాలి. సంకేతానికి గుంత నిరోధం కన్నా ముఖ్యమైనది అన్నీ ఒకే చోట కలవడం. కంప్యూటర్ డబ్బా, డ్రైవ్ ప్యానెల్, మిషన్ ఫ్రేము, స్పిండిల్ డ్రైవ్, ఈ నాలుగింటి ఎర్త్ తీగలు వేర్వేరు దారుల్లో పోకుండా ఒకే రాగిపట్టీకి కలిస్తే, గుంత ఎండినా అవన్నీ ఒకే మట్టంలో ఉంటాయి. మట్టాల మధ్య తేడా లేకపోతే సంకేతానికి తగువు లేదు. మిషన్‌కు ఒక గుంత, కంప్యూటర్‌కు ఇంకో గుంత తవ్వించేవాళ్లు మంచి చేస్తున్నామనుకుని ఆ తేడాను డబ్బు పెట్టి కొంటున్నారు. గుంత బాగుండాల్సింది మనిషి ప్రాణం కోసం, పిడుగుల కోసం. ఎర్త్ నిరోధం ఎక్కువగా ఉంటే ఇన్సులేషన్ చెడినప్పుడు ఫ్యూజు పోయేంత కరెంటు పారదు. అందుకే అలాంటి చోట లీకేజీ కరెంటును పట్టే బ్రేకర్ తప్పనిసరి.

గాలి పొడితనం ఇంకో దారిలో దెబ్బ తీస్తుంది. రూటర్ కోసిన ఎండీఎఫ్ చెక్క పొడిని లాగే పీవీసీ గొట్టంలో పొడి రాసుకుంటూ పోవడంతో గొట్టం మీద వేల వోల్టుల స్థిర విద్యుత్తు పోగవుతుంది. అది పక్కనున్న లిమిట్ స్విచ్ తీగలోకి దూకిందంటే, ఎవరూ నొక్కకుండానే ఎమర్జెన్సీ స్టాప్ పడినట్టు మిషన్ ఆగిపోతుంది. వానాకాలంలో రాని ఈ జబ్బు ఎండాకాలంలో రోజూ వస్తుంటే అనుమానించాల్సింది కంప్యూటర్‌ను కాదు. గొట్టం లోపల పొడవునా ఒట్టి రాగితీగ లాగి, ఒక కొసను మిషన్ ఫ్రేముకు కడితే తగ్గుతుంది.

స్పిండిల్ రొద

నిమిషానికి 24,000 సార్లు తిరిగే స్పిండిల్‌ను నడిపేది వేగాన్ని మార్చగల వీఎఫ్‌డీ అనే డ్రైవ్. దానికి వేగం చెప్పేది 0 నుంచి 10 వోల్టుల సంకేతం. ఐదు వోల్టులిస్తే 12,000. ఇక్కడ మెట్లు లేవు, కాబట్టి సంకేతంలో అర వోల్టు కుంగితే వేగంలో 1,200 తిరుగుళ్లు పోతాయి. అదే వీఎఫ్‌డీ సెకనుకు వేల సార్లు వందల వోల్టులను కోస్తూ తన తీగల చుట్టూ రొద చిమ్ముతుంది. స్పిండిల్ తీగ, పల్స్ తీగ ఒకే గొట్టంలో పోతే పల్సుల్లో కొత్త పల్సులు పుడతాయి. స్పిండిల్ ఆపితే సరిగ్గా కదిలి, ఆన్ చేస్తే పక్కకు జరిగే మిషన్‌కు ఇదే కారణం. షీల్డు ఉన్న తీగ వాడి, సంకేతపు తీగ షీల్డును ఒకే కొసన ఎర్త్ చేసి, రెండు రకాల తీగలను జానెడైనా దూరంగా నడిపి, కలవక తప్పని చోట అడ్డంగా దాటించాలి.

వోల్టేజి లోపంలా కనబడేవి

సంకేతం నిండుగా ఉన్నా అంచు తప్పు కావచ్చు. డ్రైవ్ పైకెళ్లే అంచున అడుగేస్తుంటే సాఫ్ట్‌వేర్‌లో పల్స్ తలకిందులై ఉంటే, దిశ మారిన ప్రతిసారీ ఒక్క అడుగు తప్పుతుంది. ఒక్క అడుగు కంటికి కనబడదు. నగిషీలో వేల సార్లు దిశ మారాక పువ్వు రేకు పక్క రేకు మీద ఎక్కి కూర్చుంటుంది. ఎప్పుడూ ఒకే వైపుకు జరిగే తప్పు దీని ఆనవాలు. రొద వల్ల వచ్చే తప్పుకు ఆ క్రమం ఉండదు.

వేగం హద్దు కూడా ఉంది. చుట్టుకు ఐదు మిల్లీమీటర్లు జరిపే స్క్రూ, చుట్టుకు 200 అడుగులు వేసే మోటారు, అడుగును ఎనిమిదిగా చీల్చే డ్రైవ్ ఉంటే మిల్లీమీటరుకు 320 పల్సులు. నిమిషానికి 3,000 మిల్లీమీటర్ల వేగానికి సెకనుకు 16,000 పల్సులు కావాలి. ఒక్కో పల్స్ కనీసం రెండున్నర మైక్రోసెకన్లు నిలబడాలని చాలా డ్రైవ్‌లు అడుగుతాయి. నెమ్మదైన ఆప్టోకప్లర్ వేసిన చౌక బోర్డు ఈ వేగంలో పల్స్ అంచులను మొద్దుబారుస్తుంది. నెమ్మదిగా జాగ్ చేస్తే బాగుండి, పరుగెత్తిస్తే తప్పేది ఇలాంటిదే. ఇక్కడ మీటరుకు పని లేదు, ఆసిలోస్కోపు కావాలి.

దూరం పెరిగినప్పుడు

పోర్టు సంకేతం కొద్ది మీటర్లు దాటితే నీరసిస్తుంది. సర్వో డ్రైవ్‌లలో అందుకే ఒక్కో సంకేతానికి రెండు తీగలు మెలిపెట్టి, వాటి మధ్య తేడాను చదివే పద్ధతి ఉంటుంది. రొద రెంటి మీదా సమానంగా పడి తేడాలోంచి కొట్టుకుపోతుంది. ఇదే సూత్రం మీద నడిచే ఆర్‌ఎస్-485 తీగ 1,200 మీటర్ల వరకు పోగలదు, 0.2 వోల్టుల తేడా ఉంటే చాలు చదివేస్తుంది. సోలార్ పంపుల డ్రైవ్‌లను కంప్యూటర్‌తో పలకరించేది ఎక్కువగా దీని మీదే. ఏ, బీ అని రాసిన బిగింపులను తయారీదారులందరూ ఒకే అర్థంలో వాడరు కాబట్టి, జవాబు రాకపోతే ముందు రెండు తీగలనూ మార్చి చూడాలి. ఆ తర్వాత లైను రెండు కొసలా 120 ఓమ్‌ల నిరోధకాలు, అవీ రెండే, ఉన్నాయో లేదో చూడాలి. రెండు కొసల గ్రౌండ్‌ల మధ్య తేడా వల్ల తీగల మీది వోల్టేజి ఈ పద్ధతి భరించే హద్దును, అంటే మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టులను, దాటితే చిప్పు కాలవచ్చు. పొలంలో ఒక కొస, ఇంట్లో ఒక కొస ఉన్న చోట ఐసొలేటెడ్ కన్వర్టరే వాడాలి.

ప్యానెల్ తలుపు మీద

మిషన్ బాగా నడుస్తున్న రోజే కొలతలు తీసి ఉంచుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా విలువైన అలవాటు. డ్రైవ్ బిగింపుల దగ్గర ఒక్కో అక్షం డైరెక్షన్ హై ఎంత, లో ఎంత. బ్రేకౌట్ బోర్డు మీద ఐదు వోల్టులు ఎంత. కంప్యూటర్ డబ్బాకూ డ్రైవ్ ప్యానెల్‌కూ మధ్య ఏసీ ఎంత. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఎంత. చివరిది రెండు మూడు వోల్టులు దాటితే వైరింగ్ చూపించుకోవాలి. ఈ అంకెలను ఒక కాగితం మీద తారీఖుతో రాసి ప్యానెల్ తలుపు లోపలివైపు అతికించాలి. వానలప్పుడు ఒకసారి, మార్చి చివర ఒకసారి కొలిచి పక్కపక్కన రాస్తే, గుంతకు నీళ్లు పోయాల్సిన అవసరం ఉందో లేదో ఆ రెండు వరుసల్లోనే కనబడుతుంది.